అస్గార్డ్ కథల పాత కామిక్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

థోర్ నార్స్, అంటే పాత స్కాండినేవియా, పురాణాల్లో ఉరుముల దేవుడు; అస్గార్డ్ ఆ దేవతల లోకం. థోర్ సినిమాలు తెలుగులో చూసి, ఈ కథ మొదట బొమ్మల పుస్తకాల్లో ఎలా ఉండేదో చూద్దామనుకునేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళకు వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. ఇక్కడి జవాబులు ముఖ్యంగా 1962 నుంచి 1987 వరకు అమెరికాలో మార్వెల్ సంస్థ ప్రచురించిన థోర్ సంచికల గురించి. తర్వాత వచ్చినవి చెడ్డవని కాదు, వాటి లెక్క వేరు.

థోర్ మొదట ఏ పుస్తకంలో కనిపించాడు?

'జర్నీ ఇంటు మిస్టరీ' 83వ సంచికలో. ముఖచిత్రం మీద ఆగస్టు 1962 అని ఉంటుంది, వెల 12 సెంట్లు. నిజానికి అది దుకాణాలకు చేరింది అంతకు రెండు నెలల ముందే. ముఖచిత్రం మీద ముందు తేదీ వేయడం అప్పటి అమెరికన్ పత్రికల అలవాటు. పాత కామిక్స్ తేదీలు ఎక్కడ చూసినా ఈ తేడా గుర్తుంచుకోండి.

ఈ పత్రిక 1952లో భయానక కథలతో మొదలైంది. 1954లో కామిక్స్ పరిశ్రమ తనకు తానే ఒక నియమావళి విధించుకోవడంతో దయ్యాలు, రక్తం తగ్గిపోయి, వాటి చోటును వింత రాక్షసులు, గ్రహాంతరవాసులు ఆక్రమించారు. తొలి థోర్ కథలో శనిగ్రహం నుంచి రాతి మనుషులు దిగడానికి కారణం ఇదే. నార్స్ దేవుడి కథలో వీళ్ళకేం పని అని అడగవద్దు. అప్పటికి ఆ పత్రిక అమ్మే సరుకే అది.

కథ 13 పుటలు. ఆలోచన స్టాన్ లీది, సంభాషణలు ఆయన తమ్ముడు లారీ లీబర్‌వి, బొమ్మలు జాక్ కర్బీవి, వాటి మీద సిరా గీతలు జో సినాట్‌వి. కుంటి కాలుతో నడిచే డోనాల్డ్ బ్లేక్ అనే అమెరికన్ డాక్టరు సెలవులకు నార్వే వెళ్తాడు. రాతి మనుషుల నుంచి పారిపోతూ చేతికర్ర పోగొట్టుకుని ఒక గుహలో చిక్కుకుంటాడు. అక్కడ దొరికిన పాత కర్రతో దారికి అడ్డంగా ఉన్న బండను కదపబోతాడు. అది కదలదు. విసుగొచ్చి కర్రను బండకేసి కొడతాడు. మెరుపు మెరుస్తుంది, కర్ర సుత్తి అవుతుంది, డాక్టరు దేవుడవుతాడు. అర్హత ఉన్నవాడు ఈ సుత్తి పట్టుకుంటే థోర్ శక్తి అతనిదవుతుందని దాని మీద రాసి ఉంటుంది. తర్వాత ఎన్నో కథలు ఆ 'అర్హత' అన్న మాటను పట్టుకుని నడిచాయి.

అంతకు ముందు కామిక్స్‌లో థోర్ లేడా?

ఉన్నాడు. 1940లో 'వియర్డ్ కామిక్స్' అనే పత్రికలో ఒక థోర్ వచ్చి వెళ్ళాడు. కర్బీ కూడా 1942లో జో సైమన్‌తో కలిసి డీసీ అనే పోటీ సంస్థకు చేసిన ఒక కథలోనూ, 1957లో అదే సంస్థకు గీసిన ఇంకో చిన్న కథలోనూ థోర్‌ను వాడుకున్నారు. అంటే ఈ ఇరవయ్యేళ్ళూ నార్స్ దేవతలు ఆయన వెంటే తిరుగుతున్నారన్నమాట.

నార్స్ పురాణం తెలియకుండా చదవవచ్చా?

హాయిగా చదవవచ్చు. ఆ రోజుల్లో చదివిన అమెరికన్ పిల్లల్లో ఎక్కువమందికీ అది తెలియదు. తర్వాత ఆసక్తి కలిగితే మూలాలు రెండు: ఐస్‌లాండ్‌లో దొరికిన పాత పద్యాల సంకలనం ఒకటి, అక్కడి కవి, రాజకీయ నాయకుడు స్నోరి స్టుర్లుసన్ 1220ల ప్రాంతంలో రాసిన గద్య గ్రంథం రెండోది. రెండింటినీ ఎడ్డా అనే అంటారు. స్నోరి కాలానికి ఐస్‌లాండ్ క్రైస్తవంలోకి మారి రెండు శతాబ్దాలు దాటింది. కాబట్టి మన చేతికొచ్చిన 'అసలు' పురాణం కూడా ఆ దేవుళ్ళను కొలవని మనిషి రాసిపెట్టినదే. మార్వెల్ వాళ్ళు కథ మార్చారని కోప్పడేముందు ఈ సంగతి కాస్త గుర్తు చేసుకోవడం మంచిది.

కామిక్స్ థోర్‌కూ పురాణ థోర్‌కూ ఎంత తేడా?

చాలా తేడా. పాత ఐస్‌లాండ్ కథల్లో థోర్‌ది ఎర్రగడ్డం. తిండిపోతు, తాగుబోతు, కోపిష్ఠి, పెద్ద తెలివిగలవాడేమీ కాదు. రెండు మేకలు లాగే బండి మీద తిరుగుతాడు. ఆకలేస్తే ఆ మేకలనే కోసుకు తిని, ఎముకలు చర్మం మీద వేసి మర్నాడు వాటిని మళ్ళీ బతికిస్తాడు. సుత్తి పట్టుకోవడానికి ఇనుప చేతొడుగులు కావాలి, బలానికి ఒక నడికట్టు కావాలి. సుత్తి పిడి పొట్టిగా ఉండడానికీ ఒక కథ ఉంది: మరుగుజ్జులు దాన్ని చేస్తున్నప్పుడు లోకి ఈగ రూపంలో వచ్చి కొలిమితిత్తి ఊదేవాడి కనురెప్ప మీద కుట్టాడు. అతను ఒక్క క్షణం చెయ్యి తీశాడు, పిడి కురచగా వచ్చింది.

కర్బీ గీసిన థోర్‌కు గడ్డం లేదు, జుట్టు పసుపు, తల మీద రెక్కల శిరస్త్రాణం. బండి అవసరం లేదు. సుత్తిని విసిరి, దాని తోలు పట్టీ పట్టుకుని ఆకాశంలో వెళ్తాడు. ఇది లీ, కర్బీలు కల్పించినదే. సుత్తి 'ఉరు' అనే లోహంతో చేసిందనడమూ పురాణంలో లేదు. ఆ పేరు లీబర్ సృష్టించారు. సుత్తి చేతి నుంచి దూరమై అరవై సెకన్లు దాటితే థోర్ మళ్ళీ కుంటి డాక్టరైపోతాడన్న నియమం ఇంకా విచిత్రం. అయితే తొలి కథల్లో ఉత్కంఠ అంతా దాని మీదే నడుస్తుంది.

సిఫ్ పురాణంలో థోర్ భార్య. కామిక్స్‌లో చాలాకాలం ప్రియురాలే, అదీ నర్సు జేన్ ఫోస్టర్‌తో పోటీగా. థోర్ వెంట ఉండే ముగ్గురు వీరులు ఫాండ్రాల్, హోగున్, వోల్‌స్టాగ్ ఏ ఎడ్డాలోనూ కనిపించరు. 1965లో 119వ సంచికలో ప్రవేశించారు. బొజ్జ నిమురుకుంటూ లేని పరాక్రమం చెప్పుకునే వోల్‌స్టాగ్ షేక్‌స్పియర్ నాటకాల్లోని ఫాల్‌స్టాఫ్‌కు దగ్గరి చుట్టం. నన్నడిగితే, కల్పించిన పాత్రల్లో మూలంలో ఉన్నట్టే అనిపించేవాడు ఇతనొక్కడే.

లోకి థోర్‌కు తమ్ముడేనా?

పురాణంలో కాదు. అక్కడ లోకి థోర్ తండ్రి ఓడిన్‌తో రక్తం కలుపుకున్న సోదరుడు, అంటే థోర్‌కు బాబాయి వరస. తండ్రి ఫర్‌బౌటి అనే రాక్షసుడు, తల్లి లౌఫే. కామిక్స్ ఈ లౌఫేను మగవాణ్ణి చేసి, మంచు రాక్షసుల రాజుగా, లోకికి తండ్రిగా మార్చింది. యుద్ధంలో అతణ్ణి చంపిన ఓడిన్ అనాథ బిడ్డను తెచ్చి పెంచుకుంటాడు. అన్నదమ్ముల పోరుకు బలం వచ్చింది ఈ మార్పు వల్లే.

లోకి 85వ సంచికలో మొదట కనిపించిన తీరు చూడండి. చేసిన తప్పులకు అతణ్ణి ఒక చెట్టులో బంధించి ఉంచారు. అతని దుస్థితికి ఎవరైనా ఒక్క కన్నీటి బొట్టు రాల్చితేనే విడుదల. అతని కోసం ఏడ్చేవాళ్ళెవరూ లేరు. వంతెన కాపలాదారు హైమ్‌డాల్ దగ్గరగా వచ్చినప్పుడు చెట్టును కదిలించి, ఒక ఆకు సరిగ్గా అతని కంట్లో పడేలా చేస్తాడు. కన్ను చెమ్మగిల్లుతుంది, షరతు తీరిపోతుంది. పురాణంలో ఇది లేదు. అక్కడ లోకిని సొంత కొడుకు పేగులతో రాళ్ళకు కట్టేసి, పైన పామును వేలాడదీస్తారు. భార్య సిగిన్ గిన్నె పట్టుకుని విషం బొట్లు ముఖాన పడకుండా ఆపుతుంటుంది. గిన్నె నిండి ఆమె పారబోయడానికి వెళ్ళినప్పుడు లోకి గిలగిల కొట్టుకుంటాడు, భూకంపాలు వస్తాయి. 1962లో పిల్లల పత్రికలో అది గీసే వీలే లేదు. అయినా ఆకుతో విడుదల కొనుక్కునే ఆలోచన మూల కథల లోకికి తగినదే. కథ మారినా మనిషి మారలేదు.

థోర్ అంటే మన ఇంద్రుడేనా?

ఈ ప్రశ్న వేయని తెలుగు పాఠకుడు అరుదు. 'అతనే ఇతను' అనడం తప్పు, పోలిక ఉందనడం ఒప్పు. పురాణాలను పోల్చి చూసే పండితులు ఇద్దరినీ ఒకే పాత ఇండో-యూరోపియన్ ఉరుముల దేవుడి వారసులుగా చూస్తారు. ఋగ్వేదంలో ఇంద్రుడు సర్పరూపుడైన వృత్రుణ్ణి వజ్రాయుధంతో చంపితే, థోర్ సముద్రసర్పం యోర్మున్‌గాండ్‌తో పోరాడతాడు. వజ్రాన్ని త్వష్ట చేసిచ్చాడు, సుత్తిని మరుగుజ్జులు చేసిచ్చారు. ఒకడికి సోమపానం మీద మోజు, ఇంకొకడికి తేనె మద్యం మీద. ఒక పందెంలో థోర్ తాగలేకపోయిన కొమ్ము అడుగు సముద్రానికి కలిపి ఉందని తర్వాత తెలుస్తుంది.

తేడా పెద్దది ఒకటుంది. ఇంద్రుడు దేవతల రాజు, సింహాసనం పోతుందేమోనని ఎప్పుడూ బెంగ. థోర్ రాజు కాదు. రాజ్యం తండ్రి ఓడిన్‌ది. కామిక్స్ ఈ తండ్రీకొడుకుల మధ్యే సగం కథ అల్లింది: కొడుకు మనిషి పిల్లను ప్రేమిస్తాడు, తండ్రి ఒప్పుకోడు, శపిస్తాడు, తర్వాత తానే దిగి వస్తాడు. డోనాల్డ్ బ్లేక్ అనే మనిషే లేడని, గర్వం అణచడానికి ఓడిన్ కొడుకునే జ్ఞాపకం చెరిపి కుంటి డాక్టరుగా భూమి మీదకు పంపాడని 1968 నాటి 159వ సంచిక చెబుతుంది. శాపవశాన మనిషిగా పుట్టిన దేవతల కథలు వింటూ పెరిగిన మనకు ఇందులో ఆశ్చర్యం ఉండదు.

సంచికలు వందల్లో ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

83వ సంచికతో మాత్రం వద్దు. చరిత్ర కోసం ఆ ఒక్క కథ చదివి, తర్వాతి డజనుకు పైగా సంచికలు నిస్సంకోచంగా వదిలేయండి. అప్పుడు ప్రచ్ఛన్నయుద్ధం జోరుగా ఉంది కాబట్టి కమ్యూనిస్టు గూఢచారులు, కాగితం బొమ్మల్లాంటి నియంతలు వచ్చి సుత్తి దెబ్బ తిని పోతుంటారు. కర్బీ కూడా మధ్యలో చాలా సంచికలు గీయలేదు. ప్రధాన కథకు ఆయన స్థిరంగా తిరిగి వచ్చింది 101వ సంచికతో.

మొదలుపెట్టాల్సింది 97వ సంచిక (అక్టోబరు 1963) చివర ఉన్న ఐదు పుటలతో. అక్కడ 'టేల్స్ ఆఫ్ అస్గార్డ్' అనే అనుబంధ కథలు మొదలయ్యాయి. శనిగ్రహం రాతి మనుషులు లేరు, అరవై సెకన్ల లెక్క లేదు. మంచు రాక్షసుడు యిమిర్, మంచును నాకి తొలి దేవుణ్ణి బయటకు తీసిన ఆవు, ఓడిన్, అతని సోదరులు: నేరుగా ఎడ్డా నుంచి సృష్టికథ. నెలకు ఐదే పుటలు కాబట్టి కర్బీ ప్రతి గడినీ ఒక పెద్ద తెరలా వాడుకున్నారు. వీటిలో రాగ్నరోక్, అంటే దేవతల అంతం, 1966లో 127, 128 సంచికల్లో వస్తుంది. లోకం తగలబడి, బూడిదలోంచి మళ్ళీ పచ్చబడుతుంది.

అవి పూర్తయ్యాక ప్రధాన కథలో 114 నుంచి 130 దాకా ఒక్క ఊపులో చదవండి. ముట్టుకున్న వస్తువు గుణం తెచ్చుకునే ఖైదీ, డిస్ట్రాయర్ అనే కవచం, గ్రీకు హెర్క్యులిస్‌తో తగవు, పాతాళాధిపతి ప్లూటో, ఒకటి ముగియకముందే ఇంకొకటి అందుకుంటుంది. మధ్యలో 126వ సంచిక (మార్చి 1966) నుంచి పత్రిక పేరే 'ది మైటీ థోర్' అయింది, కంగారుపడకండి, సంచిక సంఖ్య మారలేదు. ఆ తర్వాత 154 నుంచి 157 వరకు మాంగోగ్ కథ. ఒక జాతి జనమంతటి బలమూ ఒకే ఒంట్లో ఉన్న ఆ జంతువు అస్గార్డ్ వైపు అడుగులేస్తుంటే పుట పుటకూ దూరం తగ్గుతుంది.

ఆ ఇంగ్లిషు అర్థమవుతుందా?

మొదట్లో థోర్ మామూలుగానే మాట్లాడేవాడు. లీ సంభాషణలు తనే రాయడం మొదలుపెట్టాక బైబిలు, షేక్‌స్పియర్ ధోరణి వచ్చింది. నిజమైన వైకింగులు అలా మాట్లాడి ఉండరు, వాళ్ళ భాషే వేరు. కానీ పౌరాణిక నాటకంలో కృష్ణుడు వాడుక భాషలో పలకరిస్తే మనకెంత ఎబ్బెట్టుగా ఉంటుందో, థోర్ మామూలు అమెరికన్ యాసలో బెదిరిస్తే అంతే చప్పగా ఉంటుంది. పది పుటలు దాటితే చెవికి అలవాటవుతుంది. అర్థం కాకపోయినా బొమ్మ చూస్తే తెలిసిపోతుంది. మాటల బుడగలు కొన్ని సార్లు బొమ్మలో కనిపించేదాన్నే మళ్ళీ చెబుతాయి. అవి వదిలేసినా నష్టం లేదు.

బొమ్మల్లో అంత గొప్ప ఏముంది?

చందమామ ముఖచిత్రాల మీద వడ్డాది పాపయ్య గీసిన దేవతలకు అలవాటుపడ్డ కంటికి కర్బీ అస్గార్డ్ మొదట మింగుడుపడదు. లాలిత్యం ఉండదు. వైకింగుల కలప ఇళ్ళూ ఉండవు. ఆకాశంలో తేలే రాతి నేల, యంత్రాల్లాంటి గోపురాలు, శిరస్త్రాణాల మీద అడుగున్నర కొమ్ములు, దేవుడి కోటా రాకెట్ కేంద్రమా అని సందేహం వచ్చే నిర్మాణాలు. అదే ఆయన చేసిన సాహసం. పురాణాన్ని గతంలోకి కాకుండా భవిష్యత్తులోకి తోశారు.

పెన్సిల్ బొమ్మల మీద సిరా పట్టిన విన్స్ కొలెట్టా గురించి అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటారు. పని వేగంగా ముగించడానికి కర్బీ గీసిన వెనుకటి మనుషులను, భవనాలను ఆయన చెరిపేశారన్నది ఆరోపణ, దానికి ఆధారాలూ ఉన్నాయి. అయినా ఆయన సన్నని గీతల్లో పాత చెక్క అచ్చుల గరుకుదనం ఉంది, అస్గార్డ్‌కు అది నప్పింది. చెరిపినదానికి క్షమించను, గీసినదాన్ని మెచ్చుకుంటాను.

లీ చిన్న కథాంశం చెప్పడం, కర్బీ దాన్ని పుటలుగా విస్తరించి గీయడం, ఆ తర్వాత లీ మాటలు నింపడం వాళ్ళ పద్ధతి. అందుకే ఎవరి వాటా ఎంత అన్న తగువు దశాబ్దాలు సాగింది. కర్బీ వారసులకూ మార్వెల్‌కూ మధ్య వ్యాజ్యం 2014లో రాజీతో ముగిసింది.

వాల్టర్ సైమన్‌సన్ పేరు అందరూ ఎందుకు చెబుతారు?

కర్బీ 1970లో వెళ్ళిపోయాక నీల్ ఆడమ్స్ రెండు సంచికలు, తర్వాత జాన్ బుసేమా చాలాకాలం గీశారు. బొమ్మలు బాగున్నా కథ అక్కడక్కడే తిరిగింది. 337వ సంచికతో (నవంబరు 1983) రచన, చిత్రాలు రెండూ సైమన్‌సన్ చేతికొచ్చాయి. మొదటి ముఖచిత్రంలోనే గుర్రం ముఖం ఉన్న ఒక గ్రహాంతరవాసి థోర్ దుస్తుల్లో, థోర్ సుత్తితో పత్రిక పేరును పగలగొడుతుంటాడు. సుత్తి మీద రాసిన షరతు ప్రకారం వాడికీ అర్హత ఉంది! ఇరవయ్యేళ్ళుగా ఎవరూ అంతగా లెక్కలోకి తీసుకోని ఆ వాక్యాన్ని ఆయన అక్షరాలా పట్టుకున్నారు. బ్లేక్ రూపాన్నీ తొలి సంచికల్లోనే వదిలించుకున్నారు.

అదే సంచికలో చీకట్లో ఎవరో కత్తి సాగగొడుతుంటారు. 'డూమ్' అని పెద్ద అక్షరాల మోత. ఎవరో తెలియదు. నెల నెలా ఆ దృశ్యం కొద్దికొద్దిగా పెరుగుతుంది. దాదాపు ఏడాది తర్వాత గానీ అది అగ్నిరాక్షసుడు సర్టర్ అని పూర్తిగా బయటపడదు. ఆ అక్షరాలు దిద్దిన జాన్ వర్క్‌మన్‌కు ఇందులో సగం పేరు చెందాలి.

ఒక్క సంచికే చదివే తీరిక ఉంటే 362 చదవండి. స్కర్జ్ అనేవాడు 1964 నుంచి కథలో ఉన్నాడు. మంత్రగత్తె వెనక తిరిగి, ఆమె చెప్పినట్టల్లా ఆడి, ఆమె చేతిలో నవ్వులపాలైన గొడ్డలివాడు. థోర్, బాల్డర్ మృత్యులోకంలో చిక్కిన మనుషుల ఆత్మలను తీసుకుని తిరిగి వస్తుంటే ఆ లోకపు రాణి హెలా సేన వెంటపడుతుంది. గ్యాలర్‌బ్రూ వంతెన దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఆపాలి. థోర్ ఉంటానంటాడు. స్కర్జ్ వెనకనుంచి అతణ్ణి కొట్టి పడేసి, తుపాకులు తీసుకుని తాను నిలబడతాడు. పుట నిండా చనిపోయిన సైన్యం, ఎదురుగా ఒక్కడు. అతను ఎవరని చరిత్ర అడిగితే వంతెన మీద ఒంటరిగా నిలబడ్డాడన్న జవాబు చాలునని కథనం ముగుస్తుంది. నమ్ముకున్న ఆడది వాడుకుని వదిలేసిన మూర్ఖుడికి రచయిత అంత మర్యాద చేయడం నేను సూపర్‌హీరో కామిక్స్‌లో ఇంకెక్కడా చూడలేదు.

ఆ పోరులో హెలా థోర్ ముఖాన్ని చీరుతుంది. గాయం కనిపించకుండా అతను గడ్డం పెంచుతాడు. అలా పురాణ థోర్ గడ్డం పాతికేళ్ళు ఆలస్యంగా, రంగు మారి వచ్చింది. ఆ మేకల బండి కూడా ఈ సంచికల్లోనే ఘనంగా పరుగెత్తింది. 364 నుంచి 366 వరకు థోర్ కప్పగా మారి న్యూయార్క్ పార్కులో ఎలుకలతో యుద్ధం చేస్తాడు. నవ్వి వదిలేయకండి, అది చక్కటి కథ. 380లో సముద్రసర్పంతో పోరు దాదాపుగా పుటకు ఒకే బొమ్మతో సాగుతుంది. పురాణంలో థోర్ పామును చంపి తొమ్మిదడుగులు వేసి కూలి చనిపోతాడు. ఇక్కడ చావు రాకూడదని హెలా శాపం ఉంది కాబట్టి ఏమవుతుందో మీరే చూడండి.

ఎక్కడ దొరుకుతాయి?

చందా కట్టి చదివే 'మార్వెల్ అన్‌లిమిటెడ్' యాప్‌లో చాలా భాగం ఉన్నాయి. కాగితం మీద కావాలంటే 'ఎపిక్ కలెక్షన్' సంపుటాలు చూడండి. మొదటిది 83 నుంచి 109 వరకు. సైమన్‌సన్ సంచికలన్నీ ఒకే బరువైన సంపుటంగా వచ్చాయి, కొత్త రంగులతో. పాత రంగులు ముతక న్యూస్‌ప్రింట్ పీల్చుకునేలా వేసినవి. నిగనిగలాడే కాగితం మీద అవే రంగులు కళ్ళలో పొడుస్తాయి. మెరుపు తక్కువ కాగితం దొరికితే అదే తీసుకోండి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల వరుసలో ఏదైనా సంకలనం తగిలితే అదృష్టం. 1960ల సంచికల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

అసలు పాత ప్రతులు కొనవచ్చా?

చదవడానికైతే అవసరం లేదు. 83వ సంచిక ధర ఇప్పుడు సామాన్యుడి చేతికందేది కాదు. తక్కువకు ఇస్తామంటే అది 1966లో గ్రామఫోన్ రికార్డుతో కలిపి అమ్మిన పునర్ముద్రణేమో చూసుకోండి. దాని ముఖచిత్రం మీద ధర ఉండదు. పాత న్యూస్‌ప్రింట్‌లో ఆమ్లం ఉంటుంది. తేమ, వెలుతురు తగిలితే కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. సముద్రతీరపు ఊళ్ళలో వానాకాలంలో ఇనుప బీరువా కూడా కాపాడదు.

కర్బీ మార్వెల్ వదిలాక నార్స్ దేవతలను వదిలేశారా?

పేరుకు వదిలేశారు. 1971లో డీసీకి మొదలుపెట్టిన 'న్యూ గాడ్స్' తొలి పుటలో పాత దేవతలు చనిపోతారు. మంటల్లో వాళ్ళ లోకం రెండు ముక్కలై రెండు కొత్త గ్రహాలవుతుంది. వేరే సంస్థ పాత్రలు కాబట్టి పేర్లు చెప్పలేదు. 127, 128 సంచికల్లోని రాగ్నరోక్ చదివినవాళ్ళకు ఆ చనిపోయినవాళ్ళెవరో పోల్చుకోవడం కష్టం కాదు.

మార్వెల్‌తో సంబంధం లేనివి ఏమైనా ఉన్నాయా?

డెన్మార్క్ చిత్రకారుడు పీటర్ మాడ్సెన్ బృందం చేసిన 'వాల్‌హల్లా'. తొలి పుస్తకం 1979లో, పదిహేనవది, చివరిది 2009లో. అందులో థోర్‌ది ఎర్రగడ్డమే, మేకలూ ఉన్నాయి, హాస్యం పాలు ఎక్కువ. మూలానికి దగ్గరగా ఉండేది కావాలంటే ఇదే.

పిల్లలకు ఇవ్వవచ్చా?

పదేళ్ళు దాటితే ఇవ్వవచ్చు. నియమావళి పుణ్యమా అని 1960ల సంచికల్లో రక్తం కనిపించదు. ఇబ్బంది వేరే చోట ఉంది: జేన్ ఫోస్టర్ డాక్టరు కోసం నిట్టూర్చడం, ఎవరో ఒకరి చేతిలో చిక్కడం తప్ప చేసే పని తక్కువ. తూర్పు ఆసియా, లాటిన్ అమెరికా మనుషులను చిత్రించిన తీరు ఇవాళ చూస్తే మొహమాటంగా ఉంటుంది. ఇవి ఎక్కువగా తొలి సంచికల్లోనే, అంటే పైన వదిలేయమన్నవాటిలోనే పోగయ్యాయి. సైమన్‌సన్ మృత్యులోక యాత్ర కొంచెం పెద్ద పిల్లలకు. కప్ప కథ ఎవరికైనా ఇవ్వవచ్చు.